కేకు డబ్బా ముడి

"అబద్ధమైతే ఈ గ్లాసు ఇక్కడికిక్కడే పగిలిపోవాలి" అన్నాడు హారన్ బాబాయి.

అతని చేతిలో ఉన్నది స్టీలు గ్లాసు. ఆ టీకొట్టు మొత్తానికి గాజు గ్లాసు ఒక్కటే ఉంది. ఎవరైనా పెద్దమనిషి వస్తేనే అది పై అర నుంచి కిందికి దిగుతుంది. మిగతా అందరికీ స్టీలువే. బాబాయి ఒట్టు పెట్టుకోవడానికి గ్లాసునే ఎందుకు పట్టుకుంటాడో కొట్టుకొచ్చే వాళ్ళందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనరు. అంటే కథ ఆగిపోతుంది మరి.

బండి కదలకముందే మోగుతాడని అతనికి హారన్ అని పేరు. అతను బాబాయి కాబట్టి అతని భార్య అందరికీ పిన్ని అయింది. కొట్టు ఆమెదే. ఆమె పేరుకి ముందు ఏదీ చేరలేదు. ఏదైనా చేర్చాలంటే మనిషి ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడాలి కదా. "ఎన్ని?", "చక్కెర తగ్గించనా?" ఈ రెండు ముక్కలతోనే ఆమెకి పొద్దుగూకిపోతుంది.

బాబాయి ఇరవై ఏళ్ళు బేకరీ వ్యాను నడిపాడు. కేకులూ రొట్టెలూ డబ్బాల్లో కట్టి వ్యానులోకి ఎక్కించడం, దుకాణాలకి చేర్చడం, మధ్యలో దొరికిన ప్రతి మనిషికీ ఒక కథ చెప్పడం. నాలుగు నెలల కింద బేకరీ మూసేశారు. వ్యానుని ఎవరో కొనుక్కుపోయారు. ఆ రోజు నుంచి హారన్ మూగబోయింది. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్ళకుండా కొట్టు పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఉత్తరాలు పంచుకుంటూ ఆ దారినే పోయే పోస్ట్‌మాన్ రోజూ సైకిలు ఆపి, "ఏం బాబాయ్, విశేషాలు?" అని అడిగేవాడు. "ఏముంటాయి" అనేవాడు బాబాయి.

ఆ "ఏముంటాయి" వినబడినప్పుడల్లా పిన్ని చేతిలో టీ వడపోత ఒక్క క్షణం ఆగేది. పాతికేళ్ళుగా అతని కోతలు వింటూ ఆమె అన్నం వండింది, బట్టలు ఉతికింది, నిద్రపోయింది. అవి ఆగిపోయాక ఇల్లు ఎవరో ఖాళీ చేసి వెళ్ళినట్టుంది.

అలాంటిది ఇవాళ నాలుగు గంటలకి హారన్ మళ్ళీ మోగింది.

మోగడానికి కారణం ఎదురు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. వీధి చివర కార్లు బాగుచేసే షెడ్డు ఓనరు ఆయన. మాటలు కొనుక్కోవాలేమో అన్నట్టు పొదుపుగా మాట్లాడతాడు. షెడ్డు వ్యాను నడిపే పాత డ్రైవరు మానేశాడు. దారిలో ఆగిపోయిన బళ్ళని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చే పని అది. పొద్దున ఆయన ఊళ్ళో లేడు. ఫోను చేసి, "వంతెన అవతల పళ్ళ డాక్టరమ్మ కారు ఆగిపోయిందట. తెచ్చి పెట్టు. సాయంత్రం మాట్లాడదాం" అన్నాడు బాబాయితో. కారు వచ్చింది. షెడ్డులో ఉంది. ఇప్పుడు మాట్లాడటానికి ఆయన వచ్చాడు.

పిన్ని గాజు గ్లాసు దించి, రెండుసార్లు కడిగి, ఆయనకి టీ పోసింది.

"ఎలా తెచ్చావో చెప్పు" అన్నాడు ఓనరు.

అంతే.

"ఏముందండీ, చిన్న పని" అని మొదలుపెట్టాడు బాబాయి. చిన్న పని అన్నాడంటే పెద్దదే రాబోతోందని, పక్క బల్ల మీది పంక్చరు తాత కాళ్ళు పైకి ముడుచుకుని సర్దుకుని కూర్చున్నాడు. షెడ్డుకి రెండు కొట్ల ఇవతల టైర్లకి పంక్చర్లు వేసే ముసలాయన ఆయన. పక్కన పిన్ని తమ్ముడు. షెడ్డులో కార్లకి రంగులు కొడతాడు. ఎప్పుడు చూసినా చెవి మీద ఏదో ఒక రంగు ఉంటుంది. ఇవాళ వెండి రంగు.

"వ్యాను తీసుకుని వెళ్ళాను. చూస్తే డాక్టరమ్మ కారు రోడ్డు పక్కన పడుకుని ఉంది. బ్యాటరీ లేదు, ఇంజను లేదు, ఊపిరి లేదు. ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి, లోపల ఎవరిదో పన్ను సగం ఊడి ఉందని పరిగెత్తింది. నా దగ్గర ఏముంది? ఒక్క తాడు. మా కొట్టు ముందు ఎండకి పట్టా కడతాం చూడండి, ఆ నీలం తాడు."

అందరూ పైకి చూశారు. పట్టా ఒక పక్కన ఊడి వేలాడుతోంది. తాడు పిన్ని పక్కన చుట్ట చుట్టి ఉంది.

"వెనక కారులో ఎవర్ని కూర్చోబెట్టావు?" అడిగాడు ఓనరు.

"మా ఆవిణ్ణే. బావమరిదిని రమ్మంటే సగం డోరుకి రంగు వేశాను, ఇప్పుడు వదిలేస్తే చారలు పడతాయన్నాడు. సరే, వెనక కూర్చునేవాళ్ళకి పనేముంటుందండీ, పని అంతా ముందు వాడిది. తాడు కట్టాను. రెండు ముళ్ళూ నేనే వేశాను. ముడి వేశానంటే ఏనుగు లాగినా రాదు. ఎక్కాను. మొదటి గేరు. మెల్లగా, పసిబిడ్డని ఉయ్యాల్లోంచి తీసినట్టు లాగాను. కారు కదిలింది. నీళ్ళ ట్యాంకు దాటాం. వంతెన ఎక్కుతున్నాం. ఎంత ఎత్తుగా ఉంటుంది ఆ వంతెన, ఖాళీ సైకిలే ఎక్కదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బావా?"

"రెండో గేరు వేశాను. అంతే. వ్యాను దూదిపింజలా తేలికైపోయింది. వెనక బండి ఉన్నట్టే తెలియలేదు."

పంక్చరు తాతకి టీ పొలమారింది. దగ్గి, మూతి తుడుచుకుని, పిన్ని వైపు చూశాడు. పిన్ని పాల గిన్నె మూత సరిగ్గానే ఉన్నా మళ్ళీ సర్దింది.

"అది గేరులో ఉందండీ మహత్యం" అన్నాడు బాబాయి. "వ్యాను ముందు అద్దం దగ్గర మంచినీళ్ళ గ్లాసు పెట్టుకున్నాను. నిండుగా. వంతెన ఎక్కి దిగేదాకా ఒక్క చుక్క ఒలకలేదు. అందులో నా మొహం చూసుకుని తల కూడా దువ్వుకున్నాను."

"వెనక్కి చూసుకోలేదా?" అడిగాడు తాత, అమాయకంగా.

"వెనక్కి చూసేవాడు డ్రైవరు కాదు తాతా. ఆ వ్యానుకి పక్క అద్దం కూడా లేదు."

ఓనరు టీ గ్లాసులోకి చూశాడు. ఆ అద్దం రాలిపోయి ఆరు నెలలైంది. పెట్టించాల్సింది ఆయనే.

"సరే వినండి. వంతెన నడినెత్తిన ఒక బస్సు ఆగిపోయి ఉంది. నలభై మంది జనం. కండక్టరు నన్ను చూసి పరిగెత్తుకొచ్చి కిటికీ పట్టుకున్నాడు. అన్నా, నీ తాడుకి ఇంకాస్త చోటుందా అన్నాడు. పాపం, కాదంటే బాగుంటుందా? కారు వెనకాల కట్టుకోమన్నాను."

"టికెట్లు ఎవరు కొట్టారు బావా?"

"నువ్వు నోర్ముయ్‌రా. కట్టాడు. ఇప్పుడు వ్యాను, కారు, బస్సు. లాగాను. వచ్చాయి. పది గజాలు పోయానో లేదో నీళ్ళ ట్యాంకరు. ఆగిపోయి ఉంది. నిండు ట్యాంకరు. వాడూ దణ్ణం పెట్టాడు. కట్టుకోమన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకేముంటుంది అక్కడ?" అన్నాడు తాత.

"క్రేను. ఆ ట్యాంకరుని తీసుకుపోదామని వచ్చిన క్రేను, అదే ఆగిపోయింది. క్రేను డ్రైవరు సిగ్గుతో మొహం అటు తిప్పుకున్నాడు. అడగలేదు. నేనే అన్నాను, ఫర్వాలేదు తమ్ముడూ, అందరికీ వచ్చేదే, నువ్వూ కట్టుకో అని."

కొట్టు చుట్టూ మరో నలుగురు చేరారు. షెడ్డులో సుత్తి చప్పుడు కూడా ఆగింది. పిన్ని చేతులు అలవాటుగా టీ పోస్తున్నాయిగానీ ఆమె కళ్ళు మాత్రం భర్త మీదే ఉన్నాయి. అతని మెడ నిటారుగా ఉంది. కుడి చేయి గాల్లో స్టీరింగు తిప్పుతోంది, ఎడమ చేయి గేర్లు మారుస్తోంది. నాలుగు నెలల తర్వాత ఆ చేతులకి పని దొరికింది. కొయ్యనీ, ఎంత కావాలంటే అంత కొయ్యనీ అనుకుంది.

"ఇంత బరువు కదండీ, తాడు సాగడం మొదలుపెట్టింది. నేను వంతెన దిగి, మార్కెట్టు దాటి, మన వీధి మొదట్లోకి వచ్చేశాను. క్రేను ఇంకా వంతెన మీదే ఉంది. మధ్యలో అంతా తాడే. మార్కెట్టులో మేడ మీది ఆడవాళ్ళు చూశారు. గట్టిగా, నిటారుగా తాడు కనిపిస్తే వాళ్ళు ఊరుకుంటారా? బట్టలు ఆరేశారు."

"దేని మీద?"

"తాడు మీదే. నేను ఆగలేదు. వాళ్ళు బట్టల పక్కనే నడుచుకుంటూ వచ్చారు. మన వీధికి వచ్చేసరికి ఆరిపోయాయి, మడతపెట్టుకుని వెళ్ళిపోయారు. ఒకావిడ దుప్పటి మాత్రం ఇంకా తడిగా ఉందని నన్ను ఇంకో చుట్టు తిరగమంది."

ఓనరు పెదవి కొస కదిలింది. ఆయన నవ్వడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. నవ్వంటే నవ్వు కాదు, నవ్వు రావచ్చునన్న కబురు.

అది చూసి బాబాయికి పూనకం వచ్చినంత పనైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడో కిర్రుమంది. ఏమిటా అని విన్నాను. క్రేను కొక్కెం వంతెన పిట్టగోడకి తగులుకుంది. నాకు తెలియదు కదా, నేను లాగుతూనే ఉన్నాను. వంతెన కూడా బయల్దేరింది. ఎక్కువ కాదు, ఉన్నమాట చెప్పాలి, రెండు జానలు వచ్చింది. కింద పట్టాల మీద రైలు ఆగిపోయింది. రైలు డ్రైవరు తల బయటపెట్టి, అయ్యా, ఆ వంతెనని తీసుకుపోతే తీసుకుపోయారుగానీ మా మీద పడకుండా చూడండి అన్నాడు. నేను మంచివాణ్ణి కాబట్టి తాడు కాస్త వదులు చేశాను. వంతెన వెనక్కి వెళ్ళి దాని చోట్లో అది కూర్చుంది. కూర్చుంటూ హమ్మయ్య అని కూడా అంది. కావాలంటే రేపు టేపు తీసుకెళ్ళి కొలుచుకోండి, అటు పక్కన ఒక బెత్తెడు తేడా ఉంటుంది. అబద్ధమైతే ఈ గ్లాసు ఇక్కడికిక్కడే పగిలిపోవాలి."

స్టీలు గ్లాసుకి ఏమీ కాలేదు.

"మరి ఆ బస్సూ, ట్యాంకరూ, క్రేనూ ఏవి? షెడ్డులో లేవే" అన్నాడు తమ్ముడు.

"సిగ్గేసింది వాటికి. ఒక పట్టా తాడు ఇంత పని చేస్తుంటే ఇంజను పెట్టుకుని మనం కూర్చోవడమేమిటని వాటంతటవే స్టార్టయి వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ కారుకి ఒక్కదానికే సిగ్గు లేదు, అది వచ్చింది. షెడ్డులో ఆపి, లోపలికి వెళ్ళి మీకు ఫోను చేసి, బయటికి వచ్చి చూస్తే నా వెనకాలే బుద్ధిగా నిలబడి ఉంది. మా ఆవిడ అప్పటికే తాడు కూడా విప్పి చుట్ట చుట్టేసింది."

అందరూ నవ్వారు. ఓనరు గాజు గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

"నీ కథ సంగతి ఎలా ఉన్నా కారు మీద గీత పడలేదు. అది చూశాను. రేపు పొద్దున ఏడింటికి స్కూలు బస్సు ఒకటి తేవాలి. ఖాళీ బస్సే. ఆ వంతెన అవతల నుంచే, ఆ దారినే. వెనక స్టీరింగుకి మీ బావమరిదిని ఇస్తాను. ఉద్యోగం నీది."

బాబాయి మాట పడిపోయింది. ఎప్పుడూ అంతే, నిజంగా ఏదైనా జరిగితే అతనికి మాట రాదు. తల తిప్పి పిన్ని వైపు చూశాడు. ఆ చూపు ఆమె ఇరవై ఏళ్ళ కింద చూసింది, బేకరీలో ఉద్యోగం వచ్చిన రోజు.

"బావ ముందుంటే నాకేం భయం" అన్నాడు తమ్ముడు, చెవి మీది వెండి రంగు గోక్కుంటూ. "వెనక హాయిగా నిద్రపోతాను."

ఆ మాట విని పిన్ని టీ పొయ్యడం మానేసింది.

ఏం చెయ్యాలి? రేపు తెల్లారకముందే వెళ్ళి ముడి తనే వేసేస్తే? మరి ఎల్లుండి? ఆ తర్వాతి రోజు? ప్రతి బండి వెనకా తను పరిగెత్తగలదా? పోనీ ఇంటికెళ్ళాక చెప్తే? చెప్పొచ్చు. కానీ ఇంట్లో చెప్పిన ఏ సంగతైనా పొద్దునకి అతని నోట్లో వేరే కథ అయిపోతుంది. పొద్దున అతను "తాడు విప్పేశావా అప్పుడే?" అని అడిగితే "ఊ" అన్నది తనే. ఆ ఒక్క "ఊ" ఇప్పుడు స్కూలు బస్సంత అయి తమ్ముడి నెత్తిన కూర్చుంది.

చెప్తే ఈ ఉద్యోగం పోతుంది. మళ్ళీ స్టూలు, మళ్ళీ "ఏముంటాయి".

చెప్పకపోతే, నిద్రపోతానంటున్నాడు వాడు.

"ఏమండీ" అంది. "ఒక మాట అడగనా?"

కొట్టు దగ్గరున్న వాళ్ళంతా తలలు తిప్పారు. అందులో ఇద్దరు ముగ్గురు ఆమె గొంతు వినడం అదే మొదలు.

"వంతెన ఎక్కుతుంటే వ్యాను తేలికైందన్నారు కదా."

"అవును. రెండో గేరు."

"గేరు కాదండీ. ముడి ఊడిపోయింది."

తలలన్నీ బాబాయి వైపు తిరిగాయి. పొయ్యి మీద టీ మాత్రం తన మానాన ఉడుకుతోంది.

"కారు కొక్కేనికి వేసిన ముడి జారిపోయింది. తాడు మీ వ్యాను వెనక తోకలా ఊగుతూ వెళ్ళిపోయింది. మీరు చెప్పారు కదా, తాడు వదులైతే బ్రేకు తొక్కు అని. తొక్కాను. కారు వంతెన మీద ఆగింది. హారన్ నొక్కాను, మోగలేదు. పిలిచాను. నా గొంతు మీకు తెలుసుగా."

"మరి కారు?" అన్నాడు బాబాయి. "కారు వచ్చింది కదా. షెడ్డులో ఉంది కదా."

"వెనకాల వస్తున్న వేరే వ్యానులోంచి ఇద్దరు దిగి ఎత్తు మీదిదాకా తోశారు. అక్కడి నుంచి పల్లమే. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, కాస్త వదిలి, కాస్త తొక్కి, మెల్లగా దింపాను. ఇంజను లేకపోతే బ్రేకు రాయిలా ఉంటుందండీ. ఇప్పటికీ మోకాళ్ళు పట్టేసి ఉన్నాయి. పంక్చరు కొట్టు దాకా అదే దొర్లుకుంటూ వచ్చింది. అక్కడ ఆగిపోయింది."

"అక్కడి నుంచి నేనూ అమ్మాయీ తోశాం" అన్నాడు పంక్చరు తాత. పొద్దుట్నుంచీ కడుపులో దాచుకున్న మాట బయటపడేసరికి ఆయన మొహం వికసించింది. "ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ముందు నువ్వు వెళ్ళావు, కిటికీలోంచి చేయి బయటపెట్టి, తప్పుకోండి తప్పుకోండి, వెనక బండి ఉంది అని అరుచుకుంటూ. నేను వెనక్కి చూస్తే ఒక తాడు వస్తోంది. సరేలే, తాడుని తీసుకెళ్తున్నాడు కాబోలు అనుకున్నాను. చాలాసేపటికి ఈ అమ్మాయి వచ్చింది."

"నేను షెడ్డులో..." అన్నాడు బాబాయి.

"ఫోనులో ఉన్నారు" అంది పిన్ని. "ఓనరుగారికి వంతెన ఎలా ఎక్కించారో చెప్తున్నారు. వీడు లోపల రంగు వేస్తున్నాడు. ఆ మాటలు అయ్యేలోపు కారు పెట్టేశాం."

ముందు తమ్ముడు నవ్వాడు. తర్వాత వీధి వీధంతా నవ్వింది. ఒకాయన స్తంభం పట్టుకుని నవ్వాడు. తాత కళ్ళు తుడుచుకుంటూ, "వంతెన హమ్మయ్య అందిట, అనదా మరి, వీడు వెళ్ళిపోయాడని అనుకుని ఉంటుంది" అన్నాడు.

ఓనరు నవ్వలేదు. నీలం తాడు అందుకుని బాబాయి చేతిలో పెట్టాడు.

"పొద్దున ఎలా వేశావో ఆ ముడి ఈ బల్ల కాలికి వెయ్యి."

బాబాయి వంగి వేశాడు. వేళ్ళు చకచకా తిరిగాయి. ఒక చుట్టు, ఇంకో చుట్టు, రెండు రెక్కలు, బిగించి లాగాడు. చూడటానికి ముచ్చటగా ఉంది, సీతాకోకచిలుక వాలినట్టు.

పిన్ని వంగి ఒక కొస రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. సుయ్‌మని మొత్తం ఊడి వచ్చేసింది.

"బావా" అన్నాడు తమ్ముడు, ఊపిరి తిరక్క. "ఇది కేకు డబ్బా ముడి."

బాబాయి తన వేళ్ళ వంక చూసుకున్నాడు. ఇరవై ఏళ్ళు, రోజుకి వంద డబ్బాలు. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి ఒక్క లాగు లాగితే విప్పుకునేలా వెయ్యాలి, కేకు కదలకూడదు అని బేకరీలో మొదటి రోజు నేర్పిన ముడి. అతను అనుకోకుండానే వేళ్ళు దాన్ని వేశాయి. పొద్దున పిన్ని "జారుతుందేమోనండీ" అని మెల్లగా అంటే, "ముళ్ళ గురించి నాకు చెప్తావా" అన్నాడు కూడా.

"మీరు వేస్తారా?" అన్నాడు ఓనరు పిన్నితో.

ఆమె నాన్న బళ్ళ మీద సరుకు కట్టేవాడు. ఆమె బల్ల కాలికి తాడు రెండు చుట్లు చుట్టి, కొసని కిందనుంచి తెచ్చి, మెలిపెట్టి బిగించింది. అందంగా ఏమీ లేదు. ఓనరు లాగాడు. తమ్ముడు లాగాడు. ఇద్దరూ కలిసి లాగితే బల్ల వచ్చింది, దాని మీద కూర్చున్న తాత కూడా వచ్చాడుగానీ ముడి రాలేదు.

ఓనరు చేతులు దులుపుకున్నాడు.

"తాడు వదులైతే బ్రేకు తొక్కమని మీకు ఎవరు చెప్పారు?"

"ఆయనే."

"తాళంచెవి తీస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది. తియ్యలేదు కదా?"

"తియ్యొద్దన్నారు. కారు ఎక్కకముందే నాలుగుసార్లు చెప్పారు. ఇంజను లేకపోతే బ్రేకు గట్టిగా ఉంటుంది, రెండు కాళ్ళూ పెట్టమని కూడా ఆయనే చెప్పారు."

ఓనరు కాసేపు ఆలోచించాడు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. పిన్ని కొంగు కొస వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"పాత డ్రైవరు వెనకవాళ్ళకి ఏమీ చెప్పేవాడు కాదు" అన్నాడాయన. "రెండు బంపర్లు పోయాయి, ఒకడి పన్ను పోయింది. చెప్పేవాడు దొరకడమే కష్టం. ముడి అంటారా, అది నేర్చుకోవచ్చు." బాబాయి వైపు తిరిగాడు. "అద్దం నేను పెట్టిస్తాను. ముడి మీ ఆవిడ దగ్గర నేర్చుకో. పొద్దున నేను లాగి చూస్తాను. నిలిస్తే ఏడింటికి బస్సు."

వెళ్ళిపోతూ ఒక్కసారి ఆగాడు. "వంతెన కొలవాలా?"

"వద్దండీ" అన్నాడు బాబాయి.

ఓనరు నవ్వాడు. ఈసారి కబురు కాదు, నవ్వే వచ్చింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. తమ్ముడు ఊడిన పట్టాని పైకెత్తి పట్టుకుంటే పిన్ని నీలం తాడుతో కట్టింది. బల్ల మీద మళ్ళీ నీడ పడింది. బాబాయి మాత్రం తన పాత స్టూలు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. మాట లేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్న వేళ్ళ వంకే చూస్తున్నాడు.

పిన్నికి మళ్ళీ భయమేసింది. ఉద్యోగం ఉంది, అది నిలిచింది. కానీ హారనో?

ఓనరు తాగిన గాజు గ్లాసు కడిగింది. పై అరలో పెట్టబోయి, ఆగి, అందులోనే టీ పోసి తీసుకెళ్ళి అతనికి ఇచ్చింది. అతను చూడకుండానే అందుకున్నాడు.

"నిన్ను వంతెన మీద వదిలేసి వెళ్ళిపోయానా?" అన్నాడు, ఆమెకి ఒక్కదానికే వినబడేలా.

"మీరు వదల్లేదు. ముడి వదిలింది."

"భయమేసిందా?"

"వేసింది. కానీ మీరు చెప్పింది చెప్పినట్టే గుర్తుంది. ఏం తొక్కాలో తెలిశాక అంత వెయ్యలేదు."

అతను ఏదో అనబోయాడు. అంతలో సైకిలు బ్రేకు కీచుమంది. పోస్ట్‌మాన్ ఒక కాలు నేల మీద ఆనించి, రోజూ అడిగినట్టే అడిగాడు.

"ఏం బాబాయ్, విశేషాలు?"

పిన్ని చేతిలో వడపోత ఆగింది.

బాబాయి తలెత్తాడు. పోస్ట్‌మాన్ని చూశాడు. తాతని చూశాడు. ఆమెని చూశాడు. మెల్లగా మెడ నిటారైంది.

"విశేషాలా" అన్నాడు. "సైకిలు స్టాండు వెయ్యి. తీరిగ్గా కూర్చో. ఒక్క ముక్కలో అయ్యేది కాదు. మా ఆవిడ ఉంది చూశావా, ఈవిడే, పొద్దున ఏం చేసిందో తెలుసా? ఇంజను లేని కారు. హారన్ లేదు. ముందు తాడు కూడా లేదు. నడిపే డ్రైవరు ఎటో పోయాడు, వాడి సంగతి మనకొద్దు. ఒక్కతే, రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి, అంత ఎత్తు వంతెన మీద నుంచి ఆరు కిలోమీటర్లు..."

ఒట్టు పెట్టుకోవడానికి గ్లాసు పైకెత్తాడు. ఎత్తాక చూసుకున్నాడు. గాజుది. టీ రంగు అందులోంచి ఎర్రగా కనిపిస్తోంది.

కాసేపు దాని వంకే చూశాడు.

"ఒకటిన్నర" అన్నాడు. "ఒకటిన్నర కిలోమీటరు. గీత పడకుండా తెచ్చింది. అబద్ధమైతే ఈ గ్లాసు ఇక్కడికిక్కడే పగిలిపోవాలి."

పంక్చరు తాత గ్లాసు వంక చూశాడు. తమ్ముడు చూశాడు. పిన్ని మొహం అటు తిప్పుకుని, మళ్ళీ ఉండబట్టలేక తనూ చూసింది. కొట్టులో ఉన్నది అదొక్కటే.

పగల్లేదు.